విడిచిన చోటినుండి మరల: లినక్సులో సెషన్ల పునరుద్ధరణపై ఒక విమర్శ

గుంట మగ్గముపై నేయువాడు సాయంకాలము లేచిపోయి మరునాటి ఉదయము వచ్చి కూర్చుండును. పడుగు బిగువు సడలదు. నాడె విడిచిన చోటనే యుండును. నేసినంత మేర బట్ట చుట్టియుండును. పేక వేయుటయే తరువాయి. కంప్యూటరుపై పనిచేయువానికి ఇట్టి సౌకర్యము సహజముగా లభింపదు. ఒక ఉపాధ్యాయుడు ఒక విండోలో ప్రశ్నపత్రమును, మరియొక విండోలో మార్కుల పట్టికను, బ్రౌజరులో పది పుటలను తెరచి పనిచేయుచున్నాడనుకొనుడు. యంత్రము ఆగినచో ఈ అమరిక యంతయు చెదరిపోవును. మరునాడు యంత్రమును మరల నడిపించినపుడు తెర ఖాళీగా కనిపించును.

దీనికి కారణము యంత్రపు నిర్మాణములోనే కలదు. నడచుచున్న ప్రోగ్రాములు ర్యామ్ అను స్మృతిలో నుండును. ఇందలి ఒక్కొక్క బిట్టు అతి సూక్ష్మమైన కెపాసిటరులో విద్యుదావేశముగా నిలిచియుండును. ఆ ఆవేశము నిరంతరము కారిపోవుచుండుటచేత, సామాన్యముగా 64 మిల్లీసెకండ్లకొకసారి దానిని చదివి తిరిగి వ్రాయవలసియుండును. విద్యుత్తు ఆగినచో ఈ తిరిగి వ్రాయుట ఆగును, స్మృతి చెరిగిపోవును. డిస్కుపై దాచిన ఫైలు మాత్రము నిలుచును.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. ఫైలును దాచుట వేరు, సెషనును దాచుట వేరు. వాడుకరి తన పేరుతో యంత్రములో ప్రవేశించినది మొదలు వెలుపలికి వచ్చువరకు తెరపై ఏర్పడిన పని పరిస్థితికి సెషను అని పేరు. ఏ ప్రోగ్రాములు తెరచియున్నవి, ఏ ఫైలులో ఏ పంక్తివద్ద చదువుట ఆగినది, ఏ విండో ఎచ్చట ఎంత వెడల్పున నున్నది అనునవి అన్నియు ఇందు చేరును. ఫైలు పోయినచో శ్రమ పోవును. సెషను పోయినచో ఆలోచన వరుస తెగును. రెండవ నష్టము కంటికి కనబడదు. కాని దానిని కూర్చుకొనుటకు ప్రతిదినము కొంతకాలము వ్యర్థమగును. లినక్సు డెస్క్‌టాప్‌పై ఈ నష్టమును నివారించుటకు మూడు దశాబ్దములకు పైగా జరిగిన ప్రయత్నములు ఎంతవరకు ఫలించినవో పరిశీలింపదగియున్నది.

1994 నాటి ఒప్పందము

లినక్సు తెరకు చిరకాలము ఆధారమైనది ఎక్స్ విండో పద్ధతి. ఇది 1984లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పుట్టినది. దాని పదునొకండవ రూపము 1987లో వెలువడినది. ఆ రూపమునకు 1994లో వచ్చిన ఆరవ విడుదలలో ఎక్స్‌ఎస్‌ఎమ్‌పి అను సెషను నిర్వహణ ప్రోటోకాలు చేరినది. ప్రోటోకాలు అనగా రెండు ప్రోగ్రాములు పరస్పరము మాటలాడుకొనుటకు ఏర్పరచుకొన్న నియమావళి.

దీని పద్ధతి సులభముగా బోధపడును. సెషను మేనేజరు అను ప్రోగ్రామొకటి ముందుగా నడచుచుండును. తక్కిన ప్రోగ్రాములు దానివద్ద తమ పేరు నమోదు చేయించుకొని ఒక్కొక్క గుర్తింపు సంఖ్యను పొందును. వాడుకరి వెడలిపోవ నుద్యుక్తుడైనపుడు, తమ స్థితిని భద్రపరచుకొనుడని మేనేజరు అన్నిటికిని వర్తమానమంపును. ప్రతి ప్రోగ్రాము తన స్థితిని ఒక ఫైలులో వ్రాసికొని, తన్ను మరల నడుపుటకు వలయు ఆజ్ఞను మేనేజరునకు అప్పగించును. వాడుకరిని ఏదైన అడుగదలచినది ముందు అనుమతి వేడవలెను. అందరును ఒక్కసారి ప్రశ్నించి గందరగోళము చేయకుండ మేనేజరు ఒక్కొక్కరికే అవకాశమిచ్చును. అన్నియు ముగిసిన పిమ్మటనే ఆగిపొమ్మను ఆజ్ఞ వెలువడును. మరునాడు మేనేజరు తనవద్దనున్న ఆజ్ఞల పట్టికననుసరించి ప్రోగ్రాములను వరుసగా లేపును.

ఈ ఏర్పాటులో మెచ్చుకొనదగిన గుణమొకటి కలదు. తన లోపలి స్థితిలో ఏది ముఖ్యమో, ఏది తిరిగి లెక్కించుకొనదగినదో ప్రోగ్రామునకే తెలియును. ఆ బాధ్యతను దానికే విడిచి, వరుసను నడిపించు బాధ్యతను మాత్రము మేనేజరు తీసికొనుట సమంజసమైన పని విభజన.

అయినను లోపములు రెండు. మొదటిది, ఈ ఒప్పందము ఐచ్ఛికము. ప్రోగ్రామును వ్రాసినవాడు శ్రద్ధ చూపనిచో దానిని నిర్బంధించువాడు లేడు. పది ప్రోగ్రాములలో నాలుగు మాత్రమే స్పందించినచో మరునాడు నాలుగే లేచును. వానిలోను కొన్ని విండోను తెరచును గాని అందలి ఫైలును మరచును. సగము తిరిగివచ్చిన సెషను ఒక్కొక్కప్పుడు ఏమియు రాని సెషనుకంటె హానికరము. అంతయు వచ్చినదను భ్రమను అది కలిగించును. రెండవది, సమయము. నడుమ నడుమ కూడ స్థితిని భద్రపరచుమని కోరుటకు ప్రోటోకాలు అవకాశమిచ్చినది. కాని ఆచరణలో డెస్క్‌టాప్‌లు దీనిని ప్రధానముగా వీడ్కోలు సమయమునకే పరిమితము చేసినవి. వీడ్కోలు చెప్పి వెళ్లువానికి ఇది చాలును. విద్యుత్తు హఠాత్తుగా పోయినపుడు వీడ్కోలు చెప్పువారెవరు? నష్టము ఎక్కువగా కలుగు సందర్భమునకే ఈ రక్షణ అందకుండ పోయినది.

డెస్క్‌టాప్‌ల ఆచరణ

1996లో కెడిఇ, ఎక్స్‌ఎఫ్‌సిఇ అను డెస్క్‌టాప్‌లును, 1997లో గ్నోమ్‌ను ఆరంభమైనవి. ఈ మూడును ఒకే ఒప్పందమును ఆధారము చేసికొన్నను ఒకే తీరున నడువలేదు. కెడిఇ వాడుకరికి మూడు మార్గములు చూపినది: కడపటి సెషనును పునరుద్ధరించుట, తాను కోరి భద్రపరచిన సెషనును పునరుద్ధరించుట, ఖాళీ తెరతో మొదలిడుట. ఎక్స్‌ఎఫ్‌సిఇ వెడలిపోవు సమయమున చూపు పెట్టెలో, ఈ సెషనును ముందునకు దాచవలెనా అను చిన్న గడి నుంచినది. ఈ రెంటిలోను నిర్ణయము వాడుకరి చేతిలో నున్నది, ఇది ప్రశంసనీయము.

గ్నోమ్ మార్గము వేరు. 2008లో వెలువడిన 2.24వ రూపమునకై సెషను మేనేజరును తిరిగి వ్రాయగా, అందు సెషనును దాచు సదుపాయము లోపించినది, వాడుకరులు ఆక్షేపించిరి. పాత ఇంటిని పడగొట్టి కొత్త ఇల్లు కట్టుట దోషము కాదు. కాని ఇంటిలోనివారికి ప్రతిదినము అవసరమైన గదిని ప్లానులో మరచుట దోషమే.

ఎక్స్ స్థానమున నిలువ నుద్దేశించిన వేలాండ్ పద్ధతి 2008లో ఆరంభమైనది. 2016లో ఫెడోరా 25 దానిని గ్నోమ్‌నకు మామూలు పద్ధతిగా స్వీకరించినది. ఎక్స్ పద్ధతిలో ఒక ప్రోగ్రాము మరియొక దాని విండోను చూడవచ్చును, దానికి చేరు అక్షరములను పొంచి వినవచ్చును, తన విండోను కోరిన చోట నిలుపవచ్చును. వేలాండ్ ఈ స్వేచ్ఛను తగ్గించినది. తన విండో తెరపై ఎచ్చట నున్నదో ప్రోగ్రామునకు తెలియనే తెలియదు. రహస్యపు మాటలు టైపు చేయువానికి ఇది గొప్ప రక్షణ. కాని తన చోటు తెలియని ప్రోగ్రాము ఆ చోటును ఎట్లు వ్రాసికొనగలదు? తెరను కూర్చు కంపోజిటరే ఆ జ్ఞాపకమును వహింపవలెను. అందుకు వలయు నియమావళి అనేక సంవత్సరములు చర్చలలోను ప్రయోగదశలోను నడచినది. రక్షణ సూత్రమును తప్పుపట్టుటకు వీలులేదు. ప్రత్యామ్నాయము సిద్ధము కాకమునుపే పాతదానిని తొలగించిన తొందరయే విమర్శింపదగినది.

మొత్తము స్మృతిని దాచుట

ప్రోగ్రాముల సహకారమును కోరని మార్గమొకటి కలదు. దానికి హైబర్నేషన్ అని పేరు. శీతకాల నిద్ర అని దీని అర్థము. ర్యామ్‌లోని విషయమును డిస్కుపై స్వాప్ అను భాగములో వ్రాసి యంత్రమును పూర్తిగా ఆపుదురు. తిరిగి నడిపినపుడు ఆ విషయమును ర్యామ్‌లోనికి తెత్తురు. ప్రోగ్రాములకు తాము నిద్రించిన సంగతియే తెలియదు. 8 గిగాబైట్ల ర్యామ్ గల యంత్రమునకు సామాన్యముగా ఇంచుమించు అంతటి స్వాప్ చోటు కేటాయింతురు.

ఇందు సంపూర్ణత కలదు, వివేకము లేదు. మంచి స్థితితోపాటు చెడిన స్థితియు నిలుచును. చిక్కుపడిన ప్రోగ్రాము చిక్కుపడియే లేచును. డిస్కును గుప్తలిపిలో నుంచనిచో స్మృతిలోని రహస్యములును డిస్కుపైకి చేరును. నిద్రించుటకు సైతము కొంత వ్యవధి వలయును గనుక, బ్యాటరీ లేని యంత్రమున విద్యుత్తు చటుక్కున పోయినచో ఈ పద్ధతియు నిరుపయోగమే.

ఒక్క ప్రోగ్రామును మాత్రమే దాచి లేపు ప్రయత్నము 2011లో సిఆర్‌ఐయు పేరున ఆరంభమైనది, దాని 1.0 రూపము 2013లో వెలువడినది. నడచుచున్న ప్రోగ్రాము స్మృతిని, తెరచిన ఫైళ్లను, ప్రాసెసరు రిజిస్టర్లను ఇది ఫైళ్లలో వ్రాసి, తిరిగి జీవింపజేయును. కంటెయినర్లను ఒక సర్వరునుండి మరియొక దానికి తరలించుటకు ఇది పనికివచ్చినది. తెరపై నడచు ప్రోగ్రామునకు మాత్రము ఇది సులభముగా వర్తింపదు. అట్టి ప్రోగ్రాము తెర సర్వరుతో ఎడతెగని సంభాషణలో నుండును. టెలిఫోనులో ఒకవైపువాని మాటలు మాత్రమే దాచి మరునాడు వినిపించినచో అవతలివాడు ఏమి సమాధానమీయగలడు? రెండు వైపులను కలిపి దాచినప్పుడే ఈ చిక్కు తీరును.

నిరంతరము వ్రాయువారు

ఇంతటి పెద్ద ఏర్పాట్లు సాధింపని దానిని కొన్ని ప్రోగ్రాములు ఒంటరిగా సాధించినవి. విమ్ అను ఎడిటరు, మామూలు అమరికలో, 200 అక్షరములు టైపుచేసిన పిదప గాని, టైపు చేయుట 4 సెకండ్లు ఆగినపుడు గాని మార్పులను స్వాప్ ఫైలులో వ్రాయును. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు 2006లో వెలువడిన రెండవ రూపము మొదలు తెరచిన పుటల పట్టికను దాచుకొనుచున్నది. మామూలు అమరికలో ఇది 15 సెకండ్లకొకసారి జరుగును. ఇవి వీడ్కోలు కొరకు ఎదురుచూడవు. ఏ క్షణమునందైనను దీపమారవచ్చునని ఎంచి నడుచును. లినక్సు కెర్నెలుపైనే నడచు ఆండ్రాయిడ్ ఫోనులో, వెనుకకు పోయిన ప్రోగ్రామును యంత్రము ఎప్పుడైన తొలగింపవచ్చును. కనుక స్థితిని ముందుగా భద్రపరచుకొనుట ప్రోగ్రాము విధియని అందు నేర్పబడినది. డెస్క్‌టాప్‌పై మర్యాదగా మిగిలిపోయినది ఫోనులో ధర్మమైనది. ఫలితములలోని భేదమునకు ముఖ్యకారణమిదియే.

ఈ పరిశీలనవలన పునరుద్ధరణకు మూడు పరీక్షలు తేలుచున్నవి. హెచ్చరిక లేకుండ విద్యుత్తు పోయినను నిలుచునా? రూపమునే గాక పనిని కూడ తిరిగి తెచ్చునా? మరచిపొమ్మని కోరినపుడు మరచునా? 1994 నాటి ఒప్పందము ఆచరణలో మొదటిదానిలో ఓడినది. రెండవదానిలో ప్రోగ్రామును బట్టి గెలుపోటములు పొందినది. హైబర్నేషన్ రెండవదానిలో గెలిచి తక్కిన రెంటిలో తడబడుచున్నది. నిరంతరము వ్రాయు ప్రోగ్రాములు మొదటి రెంటిలోను బహుదూరము గెలిచినవి. కాని ఒక్కొక్కటి తన ఇంటినే చక్కబెట్టుకొనునుగాని ఊరంతటిని కూర్చలేదు.

మూడవ పరీక్ష పాఠశాలలకు మిక్కిలి ముఖ్యము. ప్రయోగశాలలో నలుగురు విద్యార్థులు ఒకే పేరుతో ఒకే యంత్రమును వాడు చోట, మొదటివాడు తెరచిన ఉత్తరము రెండవవాని కన్నుల యెదుట ప్రత్యక్షము కావచ్చును. పరీక్షకై దాచిన ప్రశ్నపత్రము సైతము అట్లే బయటపడవచ్చును. కావున ఒక్కొక్కరికి వేరు పేరు ఏర్పరచుట, ఉమ్మడి యంత్రములలో ఖాళీ సెషనుతో మొదలగునట్లు అమర్చుట అవసరము.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయింపవచ్చును. ఎడిటరు, గణన పట్టిక, బ్రౌజరు, టెర్మినలు తెరచి ఒక్కొక్కదానిలో కొంత పని చేయించి, సెషనును దాచు ఏర్పాటుతో వెడలి తిరిగి ప్రవేశింపవలెను. ప్రోగ్రాము లేచినదా, ఫైలు తెరచుకొన్నదా, విండో పూర్వస్థానమున నున్నదా, దాచని అక్షరములు మిగిలినవా అను నాలుగు గడులతో పట్టిక వ్రాయింపవలెను. పిమ్మట ఎడిటరును ఉన్నపళముగా చంపు ఆజ్ఞతో ఆపి అదే పట్టికను మరల నింపవలెను. యంత్రము తీగను ఊడబెరికి చూచుట మాత్రము తగదు. డిస్కునకు హాని కలుగవచ్చును. రెండు పట్టికలకు గల తేడాయే ఈ విషయమున విద్యార్థికి మంచి పాఠము. ఏ ప్రోగ్రామును ఎంతవరకు నమ్మవచ్చునో, ఎచ్చట తానే చేయి చాచి దాచుకొనవలెనో అతనికి స్వానుభవమున తెలియును.