అప్‌డేట్ ఆగిపోయిన ఫోన్

ఫోన్ స్లో అయిందంటే కొత్తది కొనేయమనే సలహా ఎక్కడైనా ఊరికే దొరుకుతుంది. నేను మాత్రం ముందు స్టోరేజీ ఎంత నిండిందో చూస్తాను. 32 జీబీ ఫోన్‌లో చోటంతా నిండిపోయి ఉంటే ఇంకేం చేసినా లాభం లేదు. ఫ్లాష్ మెమరీలో పాతదాని మీదే కొత్తది రాయడం కుదరదు. ఒక బ్లాకు మొత్తం చెరిపి, ఆ తర్వాతే రాయాలి. ఖాళీ లేనప్పుడు ఆ సర్దుబాటు పనే ఎక్కువైపోయి, కీబోర్డు పైకి రావడానికి కూడా ఎదురుచూడాల్సి వస్తుంది. మా అక్క ఫోన్‌లో వాట్సాప్ ఫోల్డర్ తెరిస్తే గుడ్ మార్నింగ్ బొమ్మలు, పెళ్లి వీడియోలు, ఒకే శుభలేఖ గ్రూపుకొక కాపీ. అవన్నీ తీసేశాక కొంత తేరుకుంది.

తర్వాత చూడాల్సింది బ్యాటరీ. పాతబడిన బ్యాటరీ అవసరానికి తగ్గ కరెంటు ఇవ్వలేనప్పుడు, కొన్ని ఫోన్లు ఆగిపోకుండా ఉండటానికి ప్రాసెసర్ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఐఫోన్లలో ఇలా చేస్తున్నామని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. దీనికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు, బ్యాటరీ మార్పించాల్సిందే.

ఈ రెండూ అయ్యాక కూడా అక్క ఫోన్ ఈడ్చుకుంటూనే ఉంది. 3 జీబీ ర్యామ్. అందులో చాలా భాగం కంపెనీ తనంతట తాను పెట్టిన యాప్‌లు, థీమ్‌లు, ఎవరూ వాడని బ్రౌజరు తినేస్తున్నాయి. వాట్సాప్ నుంచి కెమెరాకు వెళ్లి వెనక్కి వచ్చేసరికి వాట్సాప్ మళ్లీ మొదటి నుంచి తెరుచుకుంటోంది. మెమరీ చాలక సిస్టమే దాన్ని మూసేస్తోంది మరి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూస్తే గుండె జారింది. ఎన్నో ఏళ్ల కిందటిది. 2015 వేసవిలో ఆండ్రాయిడ్‌లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడ్డాక, ఆ ఆగస్టులో గూగుల్ ఆండ్రాయిడ్ లోపాలకు నెలనెలా ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. కంపెనీ వాటిని ఫోన్‌దాకా చేరవేయడం మానేస్తే, లోకమంతటికీ తెలిసిన కంతలు ఆ ఫోన్‌లో అలాగే ఉండిపోతాయి. నన్ను బాధించేది ఆ ఫోన్ నత్తనడక కన్నా ఇదే. తెర బాగుంది, స్పీకరు బాగుంది, ప్రాసెసర్‌కు ఏ రోగమూ లేదు. కంపెనీ పట్టించుకోవడం మానేసింది, అంతే.

ఇక్కడ కస్టమ్ రోమ్, అంటే కంపెనీది తీసేసి ఎక్కించుకునే వేరే ఆండ్రాయిడ్, పనికొస్తుంది. ఆండ్రాయిడ్ అసలు కోడ్‌ను గూగుల్ బయటికి ఇస్తుంది. దాని అడుగున ఉన్న లైనక్స్ కెర్నల్‌కు జీపీఎల్ లైసెన్సు ఉంది కాబట్టి, ఫోన్ అమ్మిన కంపెనీ కూడా తాను మార్చిన కెర్నల్ కోడ్‌ను చూపించి తీరాలి. స్టీవ్ కొండిక్ 2009లో హెచ్‌టీసీ డ్రీమ్ ఫోన్ కోసం సయనోజెన్‌మాడ్ మొదలుపెట్టింది ఈ ఆధారంతోనే. 2014 డిసెంబరులో దాని పేరు మన కోర్టుకూ ఎక్కింది. భారత్‌లో సయనోజెన్ హక్కులు తమవని మైక్రోమ్యాక్స్ వాదించడంతో, సయనోజెన్‌తో వచ్చిన వన్‌ప్లస్ వన్ అమ్మకాలకు ఢిల్లీ హైకోర్టులో కొద్దిరోజులు బ్రేక్ పడింది. 2016 చివర్లో, సయనోజెన్‌మాడ్ చుట్టూ పుట్టిన సయనోజెన్ కంపెనీ చేతులెత్తేస్తే, వాలంటీర్లు అదే కోడ్‌ను లీనియేజ్ ఓఎస్ పేరుతో ఎత్తుకున్నారు. ఒక్కో మోడల్‌కు ఒకరో ఇద్దరో బాధ్యులుంటారు. ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్లు కూర్చుని, తమకు ముఖపరిచయం కూడా లేనివాళ్ల ఫోన్లకు ప్యాచ్‌లు అందిస్తారు. వాళ్లమీద నాకు చెప్పలేనంత గౌరవం.

అక్క ఫోన్‌కు ఆ పని ఒక ఆదివారం పెట్టుకున్నాం. ఫొటోలు కంప్యూటర్‌కు, వాట్సాప్ చాట్లు డ్రైవ్‌కు ఎక్కించాకే మొదలుపెట్టాలి. ఫోన్‌ను లేపే ప్రోగ్రామ్ బూట్‌లోడర్. దాని తాళం తీయగానే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. తాళం తీయడానికి కంపెనీ అనుమతి ముందే అడిగి కొన్ని రోజులు ఆగాం. మోడల్ పేరు ఒక్కటే చూస్తే చాలదు, కోడ్‌నేమ్ కూడా కలవాలి. గెలాక్సీ ఎస్8 ఇక్కడ ఎక్సినాస్ చిప్‌తో వస్తే అమెరికాలో స్నాప్‌డ్రాగన్‌తో వచ్చింది. అక్కడినుంచి బంధువులు తెచ్చిచ్చిన ఫోన్‌లో ఇక్కడి ఫైలు ఎక్కిస్తే అది లేవదు. కేబుల్ కూడా చూసుకోవాలి. చార్జింగ్ మాత్రమే ఎక్కి, డేటా వెళ్లని కేబుళ్లు ఇళ్లలో బోలెడుంటాయి.

పవర్, వాల్యూమ్ డౌన్ కలిపి నొక్కిపట్టుకుంటే ఫాస్ట్‌బూట్ తెర వచ్చింది. కంప్యూటర్‌లో కమాండ్ కొడితే ఫోన్ సీరియల్ నంబరు కనిపించింది. అంటే రెండూ మాట్లాడుకుంటున్నాయన్నమాట. తాళం తీసి, టీడబ్ల్యూఆర్‌పీ అనే రికవరీ ఎక్కించి, అన్నిటికన్నా ముందు ఈఎఫ్ఎస్ అనే చిన్న పార్టిషన్‌ను కాపీ తీసి దాచాను. ఐఎంఈఐ లాంటి వివరాలుండేది దాంట్లోనే. అది పోతే సిమ్ వేసినా సిగ్నల్ రాదు. డేటా ఫార్మాట్ చేయబోతే ఆ రికవరీ ఉత్త బటన్ నొక్కితే ఒప్పుకోదు, 'యస్' అని అక్షరాలు టైప్ చేయమంటుంది. పక్కన కూర్చున్న అక్క ఆ తెర చూసి, "అన్నీ తీసి పెట్టావు కదరా?" అని మళ్లీ అడిగింది. ఇలా అడిగేవాళ్లు పక్కనుండటం మంచిది. దింపుకున్న ఫైలు చెక్‌సమ్ సైట్‌లో ఇచ్చినదానితో సరిపోయిందని చూసుకున్నాకే రోమ్ ఎక్కించాను. గూగుల్ యాప్‌ల ప్యాకేజీ కూడా ఫోన్ మొదటిసారి లేవకముందే వేసేయాలి. రీస్టార్ట్ కొడితే వంపు గీత మీద గుండ్రాలున్న లీనియేజ్ గుర్తు వచ్చి చాలాసేపు అలాగే ఉంది. మొదటిసారి అంతే, కంగారుపడి పవర్ నొక్కకూడదు.

ఆండ్రాయిడ్ 7 దగ్గర ఆగిన ఫోన్ ఆండ్రాయిడ్ 11తో లేచింది. కీబోర్డు వేలు తగలగానే వస్తోంది, వాట్సాప్ వదిలిన చోటే ఉంటోంది. అయితే ప్రాసెసర్ తయారీదారు ఇచ్చే మూసి ఉంచిన భాగాలు, మోడెమ్ ఫర్మ్‌వేర్ లాంటివి, పాతవే. వాటిని వాలంటీర్లూ బాగుచేయలేరు.

పోయేవీ ఉన్నాయి. కంపెనీ కెమెరా యాప్ పోతుంది, ఫొటోల్లో తేడా తెలుస్తుంది. వీడియోలు కాపీ కాకుండా కాపాడే వైడ్‌వైన్ స్థాయి పడిపోతే నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీలో రాదు. సామ్‌సంగ్ ఫోన్లలోనైతే భద్రత కోసం పెట్టిన నాక్స్ ఫ్యూజ్ శాశ్వతంగా కాలిపోతుంది. పాత సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించినా సెక్యూర్ ఫోల్డర్ రాదు. రోమ్‌లో 4జీ మీద కాల్స్ నడిపే వోల్టీ పనిచేయకపోతే జియో సిమ్‌తో మామూలు కాల్ కూడా వెళ్లదు, ఎందుకంటే జియోకు 2జీ, 3జీ లేవు. అన్నిటికన్నా పెద్ద చిక్కు డబ్బుతో. తాళం తీసిన ఫోన్‌ను గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ పరీక్ష పట్టేస్తుంది, దాంతో చాలా బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. పరీక్షకు దొరక్కుండా దాచే కిటుకులున్నాయి గానీ, బ్యాంకు ఖాతా ఉన్న ఫోన్‌లో అలాంటివి చేయమని నేను ఎవరికీ చెప్పను. కూరగాయల బండి దగ్గర కూడా క్యూఆర్ కోడే స్కాన్ చేసే రోజుల్లో యూపీఐ నడిచే ఒక్కగానొక్క ఫోన్ మీద ఈ ప్రయోగం వద్దు. అక్కకు అందుకు వేరే ఫోన్ ఉంది. ఇది పాటలకు, ప్రవచనాలకు, వీడియో కాల్స్‌కు.

తాళాల విషయంలో నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. మన డబ్బుతో కొన్న ఫోన్ తాళం తీయనివ్వని కంపెనీలున్నాయి. ఇంతకుముందు తీయనిచ్చి, ఇప్పుడు బిగిస్తున్నవీ ఉన్నాయి. ఇల్లు అమ్మి గది తాళం తన దగ్గరే ఉంచుకోవడం లాంటిదిది. దొంగ చేతిలో పడితే రక్షణ ఉండాలంటారు. అది నిజమే, అందుకే అమ్మే రోజున తాళం ఉండనివ్వండి. కానీ అప్‌డేట్లు ఆపేసే రోజున దాన్ని కొన్నవాళ్ల చేతిలో పెట్టండి. పిక్సెల్ 8కి, గెలాక్సీ ఎస్24కి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని గూగుల్, సామ్‌సంగ్ మాటిచ్చాయి. అవి ఖరీదైన ఫోన్లు. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి, మోడల్ అమ్మకం ఆగాక కూడా అయిదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. మన దగ్గర కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. కానీ పది పన్నెండు వేల ఫోన్ కొనేవాడికి కావాల్సింది పోర్టల్ కాదు, యూరప్‌లో ఉన్నటువంటి నిబంధన.

అది వచ్చేలోగా, ఈసారి ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అని అడిగే ముందు, అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో, బూట్‌లోడర్ తాళం తీసే వీలుందో లేదో అడగండి. షాపులో చెప్పలేకపోతే ఆ రోజుకు కొనకుండా వచ్చేసి, తెలుసుకున్నాకే కొనండి.