సినిమాపాటల నియంత్రణము - శ్రోతల ప్రతిస్పందనము

1952లో కేంద్ర ప్రసారశాఖామాత్యులైన బి. వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమాపాటల కాలమును మిక్కిలి తగ్గించిరి. పాటతో చిత్రము పేరు చెప్పరాదనిరి. నిర్మాతలు అనుమతులను ఉపసంహరించుకొనగా ఆ పాటలు దాదాపు అదృశ్యమైనవి. శాస్త్రీయ సంగీతాభిరుచిని పెంపొందింపవలెనన్న సంకల్పము నింద్యము కాదు. ఆ యేడే ఆరంభమైన జాతీయ సంగీత కార్యక్రమము మహోపకారమే చేసినది. దోషమంతయు శ్రోతను శిష్యునిగా భావించుటలో నున్నది. శిష్యుడు బడి మానలేడు. శ్రోత రేడియో ముల్లు జరుపగలడు. జరిపెను గూడ, రేడియో సిలోన్ వైపునకు.

బళ్లారి, హోసూరు, బరంపురములందలి తెలుగువారి నష్టము వేరువిధమైనది. వీధిలో అన్యభాష వినవలసిన కుటుంబమునకు రేడియోలోని తెలుగుపాట వినోదమాత్రము కాదు, ఇంటిభాష. దానిని తొలగించినవారు మారుగా నేమిచ్చిరన్నదే ముఖ్యప్రశ్న. 1938లో వెలసిన మద్రాసు కేంద్రమున బాలాంత్రపు రజనీకాంతరావు ప్రభృతులు 1940వ దశకమందే పెంచిన తెలుగు లలితసంగీతము ఆ లోటును కొంత పూరించినది. అది నియంత్రణ ఫలము కాదు, అంతకు మున్నే మొలకెత్తినదని గమనింపవలెను.

1957 అక్టోబరు 3న వివిధ భారతి ఆరంభముతో సినిమాపాట మరలివచ్చినది. వెడలిన శ్రోతలందరు మరలిరాలేదు. 1952లో సిలోన్‌లో మొదలైన అమీన్ సయానీ హిందీ కార్యక్రమము, బినాకా గీత్‌మాలా, ఆ పిమ్మటను మూడు దశాబ్దములు అచ్చటనే వినబడినది.