ఆగాలనుకున్నవాళ్ళ ఇల్లు

'నోమాడ్‌లాండ్' అనగానే నా స్నేహితుల్లో చాలామందికి సినిమానే గుర్తొస్తుంది. క్లోయీ జావ్ దర్శకత్వంలో 2020లో వచ్చి, మరుసటి ఏడాది ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకత్వం, ఉత్తమ నటి ఆస్కార్లు మూడూ పట్టుకెళ్ళిన సినిమా. ఫ్రాన్సెస్ మెక్‌డోర్మండ్ ముఖం, ఒక పాత తెల్ల వ్యాను, ఎడారిలో పొద్దుగుంకడం. దానికి మూలం జెస్సికా బ్రూడర్ రాసిన పుస్తకం. 2017లో వచ్చింది. "సినిమా చూసేశాంగా, ఇంక పుస్తకం ఎందుకు?" అని అడిగేవాళ్ళకి నా దగ్గర ఒక జవాబుంది. ఆ పుస్తకం మొదట్లోనే కనిపించి చివరిదాకా గుర్తుండిపోయే వస్తువు ఒకటి సినిమా కొచ్చేసరికి పక్కకి తప్పుకుంది. అదొక పదడుగుల పాత ఫైబర్‌గ్లాస్ ట్రైలర్. దాని స్థానంలోకి వ్యాను వచ్చింది. చూడ్డానికి చిన్న మార్పే. కానీ కథ అసలు దేని గురించో, అదే మారిపోయింది.

బ్రూడర్ జర్నలిస్టు. 2008 ఆర్థిక సంక్షోభంలో ఇళ్ళూ పొదుపులూ పోయి, అద్దె కట్టే స్తోమత లేక బళ్ళలోకి మారిపోయిన పెద్దవయసు అమెరికన్ల వెంట మూడేళ్ళు తిరిగి రాసింది. తనూ ఒక వ్యాను కొనుక్కుని అందులో ఉంది, వాళ్ళు చేసే పనులు కొన్ని చేసి చూసింది. వేసవిలో క్యాంప్‌గ్రౌండ్ల నిర్వహణ, ఆకురాలే కాలంలో బీట్ దుంపల కోత, క్రిస్మస్ ముందు అమెజాన్ గోదాములు. వాళ్ళ ఏడాది అలా గడిచేది. ఈ గుంపులో బ్రూడర్ ఎక్కువగా అంటిపెట్టుకుని ఉన్నది లిండా మే అనే 64 ఏళ్ళ అమ్మమ్మని. మొదటి పేజీల్లో ఆమె కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినో కొండలెక్కుతుంటుంది. జీపు వెనక లాగుతున్నది 1974 నాటి హంటర్ కాంపాక్ట్ 2. ఆ ట్రైలర్‌కి ఆమె పెట్టుకున్న పేరు 'స్క్వీజ్ ఇన్'. ఇరుక్కుని దూరడం అనీ, ఇరుకు సత్రం అనీ రెండర్థాలూ పలికే పేరు. తన కష్టానికి ముందు తనే జోకేసుకునే మనిషి అని ఆ పేరుతోనే మనకి తెలిసిపోతుంది.

ఈ జాతి ట్రైలర్ల గురించి నాలుగు మాటలు చెప్పాలి. మిన్నెసోటాలో ఉంటున్న మా ఆవిడా నేనూ మూడేళ్ళుగా ఇలాంటిదొకటి కారు వెనక కట్టుకుని తిరుగుతున్నాం. మాది 13 అడుగులది, నా వయసు కంటే పాతది. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో రే ఒలెకో అనే ఆయన 'బోలర్' అనే ట్రైలర్ తయారుచేశాడు. అంతకుముందు ఆయన ఫైబర్‌గ్లాస్ సెప్టిక్ ట్యాంకుల మీద పనిచేశాడు. ట్యాంకు పోతపోసినట్టే ఇంటినీ పోతపోయొచ్చు కదా అన్న ఆలోచన అది. పై సగం ఒక గుల్ల, కింది సగం ఒక గుల్ల. రెంటినీ నడుం దగ్గర అతికిస్తే అయిపోయింది. కప్పు మీద అతుకులుండవు కాబట్టి వాన నీళ్ళు దిగే దారులు తక్కువ. కిటికీల చుట్టూ, రివెట్ల దగ్గర మాత్రం కన్నేసి ఉంచాలి. ఆ కోవలోనే మా మిన్నెసోటాలోని బాకస్ ఊళ్ళో 'స్కాంప్' ట్రైలర్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. గుండ్రంగా తెల్లగా ఉంటాయని వీటిని ముద్దుగా గుడ్లు అంటారు.

గుడ్డులో సంసారం సర్దడం ఒక విద్య. పగలు భోంచేసే బల్లని రాత్రి కిందికి దించి, దాని మీద సీట్ల మెత్తలు పరిస్తే మంచం. అంటే మా ఆవిడ పడుకున్నాక నేను బల్ల దగ్గర కూచుని చదువుకోవడం కుదరదు. మూడు లీటర్ల కుక్కర్ పట్టే అర ఒక్కటే ఉంది. దాంట్లో కుక్కర్ పెడితే పోపులడబ్బాకి చోటు లేదు. చివరికి పోపులడబ్బా మానేసి ఆవాలూ జీలకర్రా మాత్రలసీసాల్లో పోసి తలుపు లోపలివైపు బిగించాం. తిరగమోత బయటే. లోపల వేస్తే గోడలకి అంటించిన మెత్తటి లైనింగ్ ఇంగువ వాసనని నెలరోజులు దాచుకుంటుంది. బరువులు సర్దడం ఇంకో లెక్క. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు హిచ్ మీద పడాలి. సామానంతా వెనక్కి తోసేస్తే హైవే మీద ట్రైలర్ తోకాడించడం మొదలుపెడుతుంది, అది కారునీ లాగేస్తుంది. బియ్యం సంచీ ఎక్కడ పెట్టాలన్నది కూడా ప్రాణాలకి సంబంధించిన విషయమే.

ఇదంతా చేశాక పుస్తకం మళ్ళీ చదివాను. మొదటిసారి వేగంగా దాటేసిన చోట్ల ఆగాను. బ్రూడర్‌కి సామాను చూడ్డం తెలుసు. ఎవరి బండిలో ఏముంది, ఏది ఎక్కడ వేలాడుతోంది, ఏది పారేయలేక దాచుకున్నారు అన్నది ఆమె వివరంగా రాస్తుంది. మనుషుల గురించి తీర్పులు తక్కువ, అరల గురించి వాక్యాలు ఎక్కువ. తెలుగులో ఇలాంటి చూపు కొత్తేం కాదు. 1830-31లో కాశీకి వెళ్ళొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య యాత్రాచరిత్ర నిండా ఏ మజిలీలో నీళ్ళెలా ఉన్నాయి, ఏ సరుకు దొరుకుతుంది అన్న వివరాలే. గుళ్ళ వర్ణన కంటే అవే ఆ కాలాన్ని మన ముందు నిలబెడతాయి. దారిలో ఉన్న మనిషికి సామానే ఆత్మకథ.

ఇక వ్యాను సంగతి. వ్యానులో ఇల్లూ ఇంజనూ ఒకటే. ఇంజను చెడితే ఇల్లు చెడినట్టే. సినిమాలో ఆ దృశ్యం ఉంది. రిపేరుకయ్యే ఖర్చు చూస్తే బండి అమ్ముకోవడం నయమని షెడ్డులో చెప్తారు, అది తన ఇల్లని ఫర్న్ చెప్పాల్సి వస్తుంది. బలమైన సన్నివేశం, కాదనను. వ్యానుకి ఇంకో గుణం ఉంది. ఊళ్ళో ఏదో సందులో ఆపేసి, కర్టెన్లేసుకుని, లోపల మనిషి ఉన్నట్టు తెలియకుండా పడుకోవచ్చు. అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్‌లో బాబ్ వెల్స్ నడిపే చలికాలపు జమావేశంలో ఆ విద్య పాఠంలా చెప్తారని బ్రూడర్ రాసింది. అంటే వ్యాను కదలడానికీ, కనపడకుండా ఉండడానికీ పనికొచ్చే ఇల్లు.

ట్రైలర్ స్వభావం వేరు. అది దాక్కోలేదు. దాన్ని చూడగానే లోపల ఎవరో ఉన్నారని లోకానికి తెలిసిపోతుంది. కానీ హిచ్ విప్పేస్తే చాలు, ఇల్లు ఇక్కడే ఉంటుంది, కారు పనికెళ్తుంది. సాయంత్రం తిరిగి రావడానికి ఒక చోటుంటుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో వేసవంతా పనిచేసే లిండా మేకి కావలసింది అదే. తిరగడమంటే ఆమెకి మోజు లేదు. ఆగడానికి చోటు లేక తిరుగుతోంది. పాత టైర్లలో మట్టి కూరి గోడలు కట్టే 'ఎర్త్‌షిప్' అనే ఇల్లు, తన సొంత నేల మీద, తన చేతుల్తో. పుస్తకమంతా ఆమె వెంటపడేది ఆ కల. సినిమాలో లిండా మే లిండా మేగానే నటించింది, ఆ కల గురించి మాట్లాడింది కూడా. కానీ కథ నడిపేది ఫర్న్. ఫర్న్‌కి తోబుట్టువు ఇంట్లో చోటుంది, తనని ఇష్టపడే డేవ్ ఇంట్లో చోటుంది, రెండూ కాదని వెళ్ళిపోతుంది. చోటు లేని మనిషి కథ చోటు వద్దనుకున్న మనిషి కథ అయింది. లేమికీ వదులుకోవడానికీ మధ్య ఉన్న గీత చెరిగిపోయింది. ఆ సాయంత్రపు వెలుగు అంత అందంగా పడటానికి అదీ ఒక కారణం.

ఆ గీత ఎంత సన్ననిదో నేను గుడ్ల యజమానుల మధ్యే చూశాను. వేసవిలో ఒక వారాంతం ఏదో ఒక చెరువు పక్కన పాతిక ముప్ఫై ట్రైలర్లు చేరతాయి. ఎక్కువమంది రిటైరైన టీచర్లు, నర్సులు, మెకానిక్కులు. శనివారం పొద్దున ఎవరి తలుపులు వాళ్ళు బార్లా తెరిచిపెడతారు. ఒకరి ఇల్లొకరు చూసుకోవడమే కార్యక్రమం. ఫ్యాన్ ఎక్కడ బిగించారు, బ్యాటరీకి ఏ పెట్టె చేశారు, కత్తులు జారిపోకుండా ఏం పెట్టారు. మా మాత్రలసీసాల ఆవాలు ఫొటోలు తీసుకుని వెళ్ళారు. సాయంత్రం అందరూ తలోటీ వండుకొచ్చిన భోజనం, మా పులిహోర ముందుగా ఖాళీ.

అలాంటి ఒక పొద్దున ఒకావిడ ట్రైలర్లోకి తొంగిచూశాను. అందరివాటిలాగే శుభ్రంగా, ముచ్చటగా ఉంది. కానీ జూన్ నెలలో లోపల మంచుకాలపు కోటు వేలాడుతోంది. బీమా కాగితాల ఫైలు ఉంది. ఫ్రేము కట్టిన పెళ్ళిఫొటో ఉంది. వారాంతానికి వచ్చినవాళ్ళెవరూ పెళ్ళిఫొటో తెచ్చుకోరు. "మీ పనితనం చాలా బావుంది" అన్నాను. ఆవిడ నవ్వి, "తీరిక దొరికింది లెండి" అంది. అక్కడున్న ఎవరూ ఇంకో ప్రశ్న అడగలేదు. ఆ మౌనం మర్యాదో, భయమో నేను తేల్చుకోలేదు. బ్రూడర్‌ని చదవకపోతే నాకు ఆ కోటు కోటుగానే కనిపించేది. ఒక పుస్తకం చదివినందుకు ఇంతకంటే లాభం ఏం కావాలి?

లోపాలు లేవని కాదు. లిండా దగ్గర్నుంచి కదిలినప్పుడల్లా పుస్తకం పలచబడుతుంది. పేర్లు ఎక్కువై మనుషులు కలిసిపోతారు. ఆర్థిక వ్యవస్థ గురించి చెప్పిందే చెప్తున్నట్టుంటుంది. వీటికంటే నన్ను ఇబ్బందిపెట్టింది ఇంకోటి. ఈ గుంపులో దాదాపు అందరూ తెల్లవాళ్ళే ఎందుకున్నారన్న ప్రశ్న బ్రూడర్ వేస్తుంది. రోడ్డు పక్క బండిలో పడుకున్న మనిషి రంగుని బట్టి పోలీసుల తీరు మారుతుందన్న జవాబునీ సూచిస్తుంది. అంతటితో ముందుకెళ్ళిపోతుంది. ఆమెకది దారిలో తగిలిన ఒక గమనిక. నాలాంటి పాఠకుడికి పుస్తకం అక్కడ మొదలవుతుంది.

హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఉండే గడువు మహా అయితే 60 రోజులు. పోయినేడు లేఆఫ్‌ల్లో నా మిత్రుడొకడు ఆ 60 రోజుల్లో కారు అమ్మి, ఫ్లాటు ఖాళీచేసి, పిల్లని స్కూలు మాన్పించి హైదరాబాద్ వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు మా ట్రైలర్ చూసి, "మీకేం బాబూ, ఏమైనా అయితే ఇందులో ఉండిపోవచ్చు" అని జోకేశాడు. ఉండిపోలేం. లిండా మేకి డబ్బు లేదు కానీ రోడ్డు మీద ఉండిపోయే హక్కుంది. మాకు డబ్బుంది, ట్రైలరుంది, ఆ హక్కు లేదు. పుస్తకం చెప్పే స్వేచ్ఛకి అడుగున పౌరసత్వం అనే గట్టి నేల ఉంది. దాని మీద నిలబడ్డవాళ్ళకి అది కనపడదు. రచయిత్రికీ కనపడలేదు.

మా అమ్మకి మాత్రం ఇంకోటి కనపడింది. వీడియోకాల్లో ట్రైలర్ చూపిస్తే, "అంత జీతం తీసుకుంటూ ఊరి బయట డేరాలేసుకునేవాళ్ళలాగా ఇదేం ఖర్మరా?" అంది. ఆ మాటలో కులం ఉంది, అమ్మకి తెలియకుండానే. మన దగ్గర డేరా ఎప్పుడూ ఊరి బయటే. ఎరుకలవాళ్ళ లాంటి సంచార జాతుల్ని బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతులన్నది, 1871 నుంచి దానికోసం చట్టాలే చేసింది. స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో కుదేసింది. అక్కడ తిరిగేవాళ్ళని బలవంతాన ఆపారు. ఇక్కడ ఆగినవాళ్ళని బలవంతాన తిప్పుతున్నారు. ఆగడమైనా తిరగడమైనా, ఎంచుకునే వీలు ఎవరికుందన్నదే ప్రశ్న. ఈ ప్రశ్నతో చదివితే నోమాడ్‌లాండ్ అమెరికా పుస్తకంగా మాత్రమే మిగలదు.

సినిమా చివర ఫర్న్ ఖాళీ అయిపోయిన తన ఊరికెళ్ళి, పాత ఇల్లు చూసుకుని, మళ్ళీ రోడ్డెక్కుతుంది. పుస్తకం చివర లిండా అరిజోనాలో డగ్లస్ దగ్గర అయిదెకరాల ఎడారి నేల దగ్గరుంటుంది. నీడ లేదు, ఇల్లు ఇంకా లేదు, కానీ కాగితాల మీద ఆమె పేరుంది. రెంటిలో రెండోదే నాకు నిజంగా అనిపించింది. రోడ్డు అందంగా కనిపించేది దాన్ని చూసేవాళ్ళకి. దాని మీద ఉన్నవాళ్ళు ఎక్కడ హిచ్ విప్పాలా అని చూస్తుంటారు. సినిమా చూసినవాళ్ళు పుస్తకం ఎందుకు చదవాలంటే, అందుకు.