కొర్రమట్ట ముందు రబ్బరు కప్ప

ముల్లు దాగాలి, అవసరం వచ్చినప్పుడు ఆ ముల్లే తగలాలి. ఈ రెండూ ఒకే వస్తువులో కుదర్చమంటే ఎంత చెయ్యి తిరిగిన పనివాడైనా కాసేపు తల గోక్కుంటాడు. తుంగ మీదుగా, తామరాకుల మీదుగా, గుర్రపుడెక్క మీదుగా ఈడ్చుకొచ్చినా దానికి ఒక్క పోచ పట్టకూడదు. చేప నోట్లో పడ్డాక మాత్రం వదలకూడదు. చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల కుంటల గట్ల మీద సెలవు పొద్దుల్లో గాలపు రాడ్లు పట్టుకుని తిరిగే కుర్రాళ్ల పెట్టెల్లో ఈ చిక్కు విప్పిన వస్తువు ఒకటి ఉంటుంది. కొర్రమట్ట చేపకు వేసే, రెండున్నర అంగుళాలు కూడా లేని మెత్తటి రబ్బరు కప్ప అది. దుకాణంలోనైనా గట్టు మీదైనా దాన్ని ఫ్రాగ్ అనే అంటారు.

ఈ నేలకు నీళ్లతో సంబంధం పాతది. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాద్‌ను ముంచెత్తాక, విశ్వేశ్వరయ్య సూచనల మీద ఎగువన రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1996లో వచ్చిన 111 జీవో వాటి చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలకు కట్టుబాట్లు పెట్టింది. మొయినాబాద్, చేవెళ్ల మండలాల ఊళ్లూ అందులో ఉన్నాయి. అయితే మన కప్ప పనితనం చూడాలంటే తాగునీటి జలాశయాల దాకా పోనక్కర్లేదు. కలుపు పట్టిన చిన్న కుంటే దాని అసలు బడి. కుంట అనగానే ఎవరిదీ కాదనుకోవద్దు. ఊరి ముదిరాజ్, గంగపుత్ర మత్స్యకార సంఘాలు చేపపిల్లలు వదిలి పెంచుకునే నీళ్లవి. ముందు వాళ్లను అడిగి, ఆ తర్వాతే రాడ్ విప్పాలి.

చేప ఎక్కడ మాటేస్తే లూర్ (ఇలాంటి నకిలీ ఎర) అక్కడే నడవాలి. కాలిఫోర్నియా ఇసుక తీరాల్లో అలల అంచున నిలబడి హాలిబట్‌కు లూర్లు విసిరేవాళ్లున్నారు. అది బల్లపరుపు చేప, రెండు కళ్లూ ఒకే పక్కకు ఉంటాయి. ఒళ్లంతా ఇసుకలో కప్పుకుని, పైనుంచి చిన్నచేప పోతుంటే ఎగిరి పట్టుకుంటుంది. అందుకే అక్కడి లూర్ ఇసుకను దాదాపు రాసుకుంటూ రావాలి. మన కొర్రమట్టదీ మాటు వేసే బుద్ధే. కాకపోతే అది ఆకుల నీడన మాటేసి, నీటి పైభాగం మీద కన్నేసి ఉంచుతుంది. ఇక్కడి లూర్ నీటి నెత్తి మీద నడవక తప్పదు.

కొర్రమట్ట, కొరమీను, కొర్రమీను, ఏ పేరుతో పిలిచినా తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. మృగశిర కార్తె నాడు బజారులో దీని ధర సంగతి అడక్కండి. ఆ రోజుల్లోనే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం పంచే చేప ప్రసాదంలో జనం గొంతులోకి జారేదీ దీని పిల్లే. గాలం వేసేవాడికి పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. ఈ చేపకు మొప్పలు ఒక్కటే చాలవు, తల లోపల గాలి పీల్చే అర కూడా ఉంటుంది. కొంత కొంత సేపటికి పైకొచ్చి ఒక గుక్క గాలి మింగాల్సిందే. పైకి రానివ్వకుండా అడ్డుపెడితే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. అందువల్ల నేర్పరి గట్టు ఎక్కగానే రాడ్ విసరడు. కాసేపు ఊరికే నిలబడి, ఆకుల మధ్య ఎక్కడ బుడగ లేస్తుందో, ఏ ఆకు గాలి లేకుండానే కదులుతుందో చూస్తాడు.

ఇప్పుడు కప్పను చేతిలోకి తీసుకుందాం. లోపల ఏమీ లేదు, డొల్ల. మెత్తటి ప్లాస్టిక్ తోలు, దాని ముక్కు దగ్గర ఒక రంధ్రం. దారం కట్టే కొక్కెం కన్ను అందులోంచి బయటికొస్తుంది. కొక్కెం కాడ పొట్ట లోపలుంటుంది. వెనక నుంచి రెండు ముళ్లు బయటికొచ్చి, పైకి తిరిగి, కప్ప వీపుకు చెరోవైపు ఒదిగి పడుకుంటాయి. పిల్లి గోళ్లు మడుచుకున్నట్టే. వేలితో వీపు మీద రాసి చూడండి, మొన తగలదు. రెండు వేళ్ల మధ్య నొక్కండి, తోలు లోపలికి కుంగి మొనలు రెండూ పైకి లేస్తాయి. తయారీదారు తెలివంతా ఆ కుంగడంలోనే ఉంది. తోలు మరీ మందమైతే చేప కరిచినా ముడుచుకోదు, ముల్లు దిగదు. మరీ పలచనైతే తుంగ పోచ ఒరిపిడికే ముడుచుకుని గడ్డిని పట్టుకుంటుంది. ఈ రెంటి మధ్య సరిపోయే మందం దొరకబుచ్చుకున్నవాడికి నేను దండం పెడతాను. రంగులు, కళ్లు, మచ్చలు ఎంత ముచ్చటగా వేసినా అవి ఎక్కువగా కొనేవాడి కోసమే. కింది నుంచి చూసే చేపకు కనిపించేది పొట్ట, దాని నీడ, దాని అలికిడి.

బరువు ఎక్కడ పెట్టారో కూడా చూడాలి. చిన్న సీసం ముక్క వెనక భాగంలో, కొక్కెం వంపు దగ్గర ఉంటుంది. దానివల్ల మూడు పనులు జరుగుతాయి. విసిరినప్పుడు దూరం పోతుంది, నీళ్ల మీద పడ్డాక ముళ్లు ఆకాశం వైపే ఉండేలా తిరిగి కూర్చుంటుంది, ముక్కు కాస్త పైకి లేచి ఆకుల మీదికి ఎక్కుతుంది. కాళ్ల స్థానంలో రబ్బరు పోగుల కుచ్చు. కొత్త కప్పకు ఈ పోగులు పొడుగ్గా వస్తాయి. తెలిసినవాడు కత్తెర తీసి ముందు వాటిని కురచ చేస్తాడు, లేకపోతే చేప కాళ్లనే పట్టి లాగి వదిలేస్తుంది. కొందరు ఒక పక్క పోగుల్ని ఇంకాస్త కురచ చేస్తారు, అప్పుడు కప్ప పక్కకు సులువుగా తిరుగుతుంది. ఆపైన పట్టకారుతో రెండు మొనల్నీ వెంట్రుకవాసి బయటికి వంచి, రాయి మీద సాన పెడతారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వస్తువు ఇలా గట్టు మీద రెండోసారి తయారవుతుంది. నాకు నచ్చేది ఈ రెండో తయారీనే.

లోపమూ ఉంది. రంధ్రాల గుండా నీళ్లు చేరి, పది విసుర్లకల్లా కప్ప బరువెక్కి మునుగుతుంది. పైకి తీసి పిండాలి. చిన్న పిచికారీలా నీళ్లు చిమ్ముతాయి, పక్కన పిల్లలుంటే మాత్రం భలే సంబరం.

నడిపించడం ఇంకో విద్య. రీల్ గబగబా తిప్పుతూ లాగితే కప్ప తిన్నగా జారుకుంటూ వచ్చేస్తుంది, అంతే. రాడ్ మొనను కిందికి దించి, చిన్నగా ఒక తట్టు తట్టి, వెంటనే దారం వదులు చేయాలి. ఆ వదులులోనే కప్ప ఎడమకు తిరుగుతుంది. మళ్లీ తట్టితే కుడికి. ఉన్నచోటనే నాలుగైదు సార్లు అటూఇటూ తిరగగలిగితే చెయ్యి కుదిరినట్టు. ఆకుల మధ్య జానెడు ఖాళీ నీరు వచ్చిందంటే అక్కడ ఆపేయాలి, మణికట్టు కూడా కదలకూడదు. ఆపడం తట్టడం కంటే కష్టం. దారం కూడా సాగనిది, బ్రెయిడ్ అనే అల్లిక దారం కావాలి. సాగే నైలాన్ దారమైతే గట్టు మీద లాగిన లాగుడు ఆకుల అవతలున్న చేప దవడ దాకా చేరేలోపే సగం ఆరిపోతుంది. కొర్రమట్ట దవడ ఎముకతో గట్టిగా ఉంటుంది, దానిలో ముల్లు దిగాలంటే సగం బలం చాలదు.

ఆ తర్వాత 'దభ్' మని నీళ్లు పగులుతాయి. కొత్తవాళ్లందరి చెయ్యీ ఆ చప్పుడుకే లేస్తుంది. కప్ప ఎగిరొచ్చి వాళ్ల కాళ్ల దగ్గరే పడుతుంది. గట్టు మీదున్న పెద్దాయన మాట ఎప్పుడూ ఒకటే: "జర ఆగు తమ్మీ, ఇప్పుడే గుంజకు. దారం బిగవనియ్యి, గప్పుడు గుంజు." కొర్రమట్ట కప్పను మొదట పట్టుకుంటుంది, ఆ తర్వాత తిరిగి లోతుకు పోతుంది. ఆ తిరుగుడులోనే దవడలు మూసుకుని తోలు కుంగుతుంది, ముళ్లు లేస్తాయి. అంటే చేప తన వంతు పని చేసేదాకా మనం ఆగాలి. రెండు గుండె చప్పుళ్ల సేపు ఊరుకోగలిగితే చాలు.

ఇక్కడే వదిలేయాల్సిన చేప ఒకటుంది. వానకాలంలో గుడ్లు పగిలాక, ఎర్రటి పిల్లలు గుంపుగా నీటి పైన మెరుస్తూ తిరుగుతాయి. వాటి కిందే తల్లీతండ్రీ కాపలా. ఆ గుంపు మధ్యలో కప్ప పడేస్తే ఆకలి లేకపోయినా కాపలా చేప విరుచుకుపడి తీరుతుంది. అంత తేలికైన చేప మరొకటి లేదు, అంత చవకబారు పట్టూ మరొకటి లేదు. కాపలా పోయిన పిల్లల్ని తక్కిన చేపలూ పక్షులూ ఏరుకుతినేస్తాయి. గాలం వేసే నేర్పరి ఆ ఎర్రటి మరక కనబడగానే గట్టు మారతాడు.

మన ఊళ్లలో కొర్రమట్టకు బతికున్న కప్పనే గాలానికి గుచ్చి, వెదురు కర్రతో నీటి మీద ఎగరేసేవాళ్లు. ఇప్పటికీ వేసేవాళ్లున్నారు. పొలం పురుగుల్ని తినే కప్పల కాళ్లు విదేశాలకు పోవడాన్ని దేశం 1987లోనే ఆపేసింది. గట్ల మీద బతికున్న కప్పకు ఊరట దొరికింది మాత్రం ఈ రబ్బరు కప్పతోనే. పాత పద్ధతిలో మరణం రెండింటికి, కొత్తదాంట్లో ఒక్కదానికే. చేపను తిరిగి వదిలేసేవాళ్లయితే ఆ ఒక్కటీ లేదు.

ఇక ఈ కప్ప ఆయుష్షు. కొర్రమట్ట పళ్లు పదునైనవి. ఐదారు చేపలు పట్టేసరికి తోలు చిరుగుతుంది, నీళ్లు నిండుతాయి. చిన్న చిరుగైతే ఆరబెట్టి ఫెవిక్విక్ చుక్క వేస్తారు, జిగురు గట్టిపడ్డచోట తోలు మెత్తదనం పోతుంది కాబట్టి ఆ కప్పను దట్టమైన గడ్డిలో వాడరు. పెద్ద చిరుగైతే తోలు పారేసి, కొక్కెం మాత్రం బయటికి లాగి తుడిచి, నూనె రాసి దాచుకుంటారు. దానికి కొత్త తోలు తొడగాలంటే కాడకు సబ్బునీళ్లు రాసి, వెనక నుంచి మెల్లగా ముక్కు రంధ్రం దాకా తోయాలి, తొందరపడితే ముల్లు లోపలి నుంచే తోలును చీరేస్తుంది.