‘అయినప్పటికీ’ అనే మాట: షేక్ బందగీ స్మృతి, తెలుగు విమర్శ

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాట సాహిత్యం గురించిన చర్చల్లో, తరగతి గదుల్లో ఒక వాక్యం తరచుగా ఎదురవుతుంది: షేక్ బందగీ ముస్లిం అయినప్పటికీ విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించాడు. పేరు మారినా వాక్యనిర్మాణం మారదు. మఖ్దూం మొహియుద్దీన్ ముస్లిం అయినప్పటికీ నిజాం పాలనను వ్యతిరేకించాడు. షోయబుల్లాఖాన్ ముస్లిం అయినప్పటికీ రజాకార్లను నిరసించి ప్రాణమిచ్చాడు. ఎం.ఏ. పరీక్షలో నేనూ ఇలాగే రాశాను, మంచి మార్కులే వచ్చాయి. పోరాటాన్ని హిందూ ముస్లిం కలహంగా కుదించే వాదాన్ని ఖండించాలన్న సదుద్దేశమే ఈ వాక్యం వెనుక ఉంది. అయినా, ఆ మాటలో దాగిన ఊహను ప్రశ్నించకపోతే ఈ సాహిత్యంలో ఒక ముఖ్యమైన పార్శ్వం మనకు అందదని నా వాదన.

రెండు విషయాల మధ్య సహజ వైరుధ్యం ఉందని నమ్మినప్పుడే ‘అయినప్పటికీ’ అవసరమవుతుంది. ముస్లిం అయినవాడు పాలకపక్షానికి చెందినవాడన్న భావన ముందే స్థిరపడితే తప్ప, ముస్లిం రైతు దొరను ఎదిరించడం ఆశ్చర్యంగా తోచదు. ఈ భావన మూలాలు హైదరాబాదు రాజ్యంలోనే ఉన్నాయి. 1927లో ఏర్పడిన మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ కాలక్రమంలో ‘అనల్ మాలిక్’ సిద్ధాంతాన్ని ప్రచారం చేసింది. రాజ్యంలోని ప్రతి ముస్లిమూ సార్వభౌమాధికారంలో భాగస్వామి అని దాని సారాంశం. ఇత్తెహాద్‌ను తీవ్రంగా వ్యతిరేకించిన అభ్యుదయ విమర్శ, తెలియకుండానే దాని మూలసూత్రాన్ని తన వాక్యంలోకి తెచ్చుకుంది.

ఆ సూత్రం ఎంత డొల్లదో చెప్పడానికి బందగీ జీవితమే చాలు. జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో అతడు సామాన్య రైతు. కుటుంబ భూమి పంపకంలో తగాదా వస్తే దేశ్‌ముఖ్ విసునూరు రామచంద్రారెడ్డి ఎదుటి పక్షం వహించాడు. బందగీ కోర్టుకు వెళ్ళి గెలిచాడు, ఆ తర్వాత హత్యకు గురయ్యాడు. ఇదంతా 1946 జూలైలో దొడ్డి కొమురయ్య కడవెండిలో నేలకొరగడానికి కొన్నేళ్ళ ముందటి మాట. ‘మాలిక్’ అని పొగడ్త పొందిన సమూహంలోని మనిషికి తన కొద్దిపాటి చెలకను నిలుపుకోవడమే ప్రాణాంతకమైంది. అతన్ని అణచిన దొర హిందువు, ఆ దొర గడీని కాపాడిన రాజ్యం నిజాంది. ఇక్కడ మతం గీసిన సరిహద్దు ఏ వైపుకూ సరిపోదు.

అతని పేరును కూడా విమర్శ పట్టించుకోలేదు. పారశీకంలో ‘బందగీ’ అంటే దాస్యం, దైవారాధన కూడా. దైవానికి తప్ప మరొకరికి దాస్యం చేయరాదన్నది ఇస్లాం మౌలిక భావన. ‘నీ బాంచన్ కాల్మొక్త’ అనక తప్పని ఊళ్ళో ఈ పేరుగల మనిషి దొరకు తలవంచలేదు. మతవిశ్వాసమే అతన్ని కోర్టుకు నడిపించిందని నేను అనడం లేదు, భూమి నడిపించింది. కానీ ఆ తెగువకు ఊరు అర్థం చెప్పుకున్న తీరులో మతసంస్కృతి పాత్రను కాదనలేం.

రహదారి పక్కనున్న అతని సమాధిని జనం దర్శనీయస్థలం చేసుకున్నారు. దీన్ని ‘ప్రజల గౌరవం’ అని ఒక్క మాటలో దాటేయడం అలవాటైంది. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ హిందువులూ ముస్లింలూ కలిసి చేసుకునేది. క్రీ.శ. 680లో కర్బలాలో యజీద్‌కు విధేయత ప్రకటించడానికి నిరాకరించి మరణించిన హుసేన్ కథ, నిరక్షరాస్యులైన రైతులకూ అలావా చుట్టూ పాటగా తెలుసు. అన్యాయమైన అధికారానికి లొంగక చనిపోయినవాణ్ణి ఎలా గుర్తుంచుకోవాలో ఊరికి ముందే తెలుసు. పార్టీ ‘అమరవీరుడు’ అనే మాటను ఇవ్వకముందే ‘షహీద్’ అన్న భావన అక్కడ ఉంది. బందగీ సమాధిని ఈ సంప్రదాయంలో ఉంచి చదవాలన్నది నా ప్రతిపాదన.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన ‘మా భూమి’ నాటకానికి బందగీ ఉదంతం ప్రేరణ. ప్రజానాట్యమండలి దళాలు దాన్ని కోస్తా ఊరూరా ఆడాయి, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కృష్ణా తీరపు ప్రేక్షకుడికి తెలంగాణ రైతు వేదనను చేర్చిన ఘనత ఆ నాటకానిదే. దానిపై వచ్చిన విమర్శ మాత్రం బందగీని వర్గ ఐక్యతకు నిదర్శనంగానే స్వీకరించి, సమాధిని, పీర్లను జానపద పరిశోధకులకు వదిలేసింది. శాఖల మధ్య ఈ పంపకం మనకు నష్టమే చేసింది.

మఖ్దూం విషయంలోనూ ఇంతే. రష్యాలో అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద భోజనం చేస్తారని బాల్యంలో పినతండ్రి చెప్పిన మాటను ఆయన గుర్తుచేసుకునేవారు. సామ్యవాదం ఆయన ఇంటికి ముస్లిం భోజనపు వస్త్రం ఉపమానంగా వచ్చింది. అక్కడ ‘అయినప్పటికీ’కి చోటెక్కడ?

ఈ చర్చ కేవలం వ్యాకరణానిది కాదు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత ముస్లింలపై జరిగిన హింసను పరిశీలించిన సుందర్‌లాల్ కమిటీ, మృతుల సంఖ్యను 27 వేల నుంచి 40 వేల దాకా అంచనా వేసింది. వారిలో రజాకార్లతో ఏ సంబంధమూ లేని పేదలు ఎందరో. ముస్లిం అంటే పాలకుడన్న సమీకరణమే వారిని దోషులను చేసింది. పోరాట సాహిత్యపు ప్రధానస్రవంతిలో ఈ మరణాలకు దొరికిన చోటు అత్యల్పం.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చినప్పుడు, తాను చేయని చరిత్రకు తానే జవాబుదారీ కావలసివచ్చిన మనిషి తెలుగులో మొదటిసారి అంత సూటిగా మాట్లాడాడు. 1998 నాటి ‘జల్‌జలా’ సంకలనం ఆ గొంతును సమూహానిది చేసింది. ముస్లింవాద కవిత్వం వర్గపోరాట వారసత్వాన్ని చీల్చిందని ఆరోపించేవారున్నారు. నాకు అలా తోచదు. బందగీని షరతు లేకుండా తమవాడని చెప్పుకునే వీలును ఆ కవులే తెచ్చారు. ‘మా భూమి’ని, ‘పుట్టుమచ్చ’ను, జనగామ ప్రాంతపు పీర్ల పాటలను ఒకే పాఠ్యాంశంలో పక్కపక్కన ఉంచితే, బందగీ గురించి విద్యార్థి రాసే మొదటి వాక్యం నేను రాసినట్లు ఉండదు.