హావర్తు గ్రామము: గాలియు నీరును

ఇంగ్లండు ఉత్తరభాగమున, యార్క్‌షైరు సీమలో, పెన్నైను కొండల వాలున హావర్తు అను చిన్న గ్రామము కలదు. షార్లెట్, ఎమిలీ, ఆన్ అను బ్రాంటీ సోదరీమణులు తమ నవలలను చాలవరకు అచ్చటి పాదిరిగారి ఇంటనే వ్రాసిరి. ఎమిలీ రచించిన 'వుదరింగ్ హైట్స్' 1847లో వెలువడినది. ఆ నవలను మెచ్చువారిలో పెక్కుమందికి హావర్తనగా హోరుగాలి, బీడునేల, ఏకాంతము మాత్రమే. ఈ దృష్టి రమణీయమే గాని సమగ్రము గాదు.

ఆ నవలలో ఫ్రాన్సెస్ బిడ్డను కని, కొలదికాలమునకే క్షయచే గతించును. కాథరిన్ ప్రసవించిన రాత్రియే కన్ను మూయును. లింటన్ నూనూగు మీసముల ప్రాయముననే మరణించును. ఇన్ని అకాలమరణములు భీకరరసపోషణకై కల్పింపబడిన వనుట సులభము. అది నిజమా?

ఎమిలీ తండ్రి పాట్రిక్ బ్రాంటీ 1820 మొదలు 1861 వరకు ఆ యూరి పాదిరి. ఇంటి యెదుటనే శ్మశానము. గ్రామమునకు మంచినీరు కావలెనని ఆయన 1849లో ప్రభుత్వ ఆరోగ్యమండలికి అర్జీ పంపెను. మరుసటి యేడు బెంజమిన్ హెర్షెల్ బాబేజ్ వచ్చి విచారించెను. మురుగు పోవు కాలువలు లేవు, మరుగుదొడ్లు చాలవు, త్రాగునీరు చెడియుండెను. మరణించువారి సగటు వయస్సు 25.8 ఏండ్లు. నూటికి నలుబదిమందికి పైగా ఆరేండ్లు నిండకమునుపే చనిపోవుచుండిరి.

ఎమిలీ 1848లోను, ఆన్ 1849లోను క్షయవలన మరణించిరి. ఆ దోషమును నీటిపై మోపుట న్యాయము గాదు. కాని రచయిత్రి నిత్యము చూచిన లోక మెట్టిదో ఆ నివేదిక తెలుపుచున్నది. ఆమె నవలలోని చావులు అతిశయోక్తులు గావు. ఆ వీధులలోని నిత్యానుభవములు. షార్లెట్ జీవితచరిత్రను 1857లో ప్రకటించిన గాస్కెల్, ఎగువనున్న శ్మశానమువలన దిగువ నీటికి కలుగు కీడును గుర్తించెను. తరువాతివారు ఆమె వర్ణించిన కొండలను జ్ఞాపకముంచుకొని, ఈ మాటను మరచిరి.

దారిద్ర్యమును, రోగమును ప్రకృతిశోభలో కలిపివేసి ఆనందించుట రసికత యనిపించుకొనదు. బీదజనుల చావును విధి యని పాఠకుడు సరిపుచ్చుకొనిన, ఆ చావును ఆపదలచి అర్జీ వ్రాసిన వృద్ధుని శ్రమ కనబడకపోవును. కావున ఈ నవలను బోధించువారు బాబేజ్ నివేదికను గూడ ప్రక్కనుంచి చదివించుట మేలు. దానివలన నవల సౌందర్యము తరుగదు. దానిలోని దుఃఖము మనకు మరింత సమీపమగును.