281 తర్వాత: మన ఈడువాడి పుస్తకం

తెలుగులో ఒక సౌకర్యం ఉంది. మనకంటె పెద్దవారిని ‘ఆయన’ అంటాం, చిన్నవాణ్ణి ‘వాడు’ అంటాం, ఈడువాణ్ణి ‘అతను’ అంటాం. ప్రసిద్ధులను అభిమానించడంలో కూడా ఈ వరుసలున్నాయి. బడిలో ఉన్నప్పుడు మనం అభిమానించిన గవాస్కర్, కపిల్‌దేవ్ ‘ఆయన’లు. వారితో మనల్ని పోల్చుకోవాలన్న ఊహే మనకు రాలేదు. ఇప్పుడు భారత జట్టులో ఆడుతున్నవారు మన పిల్లలకు అన్నల్లాంటివాళ్ళు. ఈ రెంటి నడుమ మనతోపాటే పుట్టి, మనతోపాటే తల నెరుస్తున్నవాళ్ళు కొందరున్నారు. టెండూల్కర్, ద్రావిడ్ 1973లో పుట్టారు. మన లక్ష్మణ్ 1974 నవంబరు 1న పుట్టాడు. ఇతను మనకు ‘అతను’.

2018లో వెలువడిన లక్ష్మణ్ ఆత్మకథ ‘281 అండ్ బియాండ్’ను ఈ దృష్టితో చదవవలసిందని పాఠకులకు మనవి. ఆర్. కౌశిక్ సహాయంతో ఇంగ్లీషులో రాసిన ఈ పుస్తకాన్ని క్రికెట్ తెలిసినవారు ఇదివరకే సమీక్షించారు. నడివయసు గుమ్మంలో ఉన్న మనవంటివారికి ఇందులో ఏముందన్నదే ఇక్కడ మన ప్రశ్న.

పేరులోని అంకె సంగతి అందరికీ తెలిసిందే. 2001 మార్చిలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా 445 పరుగులు చేస్తే మనవాళ్ళు 171కే అందరూ అవుటై ఫాలోఆన్‌లో పడ్డారు. మొదటి ఇన్నింగ్స్‌లో 59 చేసిన లక్ష్మణ్‌ను రెండోసారి మూడో స్థానంలో పంపారు. నాలుగో రోజు పొద్దుటినుంచి సాయంత్రం దాకా అతనూ ద్రావిడూ ఒక్క వికెట్ పోనివ్వలేదు. ఇద్దరి భాగస్వామ్యం 376, లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180. భారత్ 171 పరుగుల తేడాతో గెలిచింది. అప్పటికి వరసగా 16 టెస్టులు గెలిచిన ఆస్ట్రేలియా రథం అక్కడ ఆగింది.

ఆ రోజున లక్ష్మణ్‌కు 26 ఏళ్ళు. మనలో చాలామందికీ అంతే. కొత్తగా ఈ దేశంలో దిగి, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక అపార్టుమెంటులో సర్దుకుని, రాత్రిపూట కంప్యూటరు తెరమీద స్కోరు మారుతుంటే చూసినవాళ్ళం. ఆ ఆట మనకు అంత దగ్గరిది కావడానికి ఇంకో కారణం కూడా ఉంది. లక్ష్మణ్ తల్లిదండ్రులిద్దరూ విజయవాడలో డాక్టర్లు. అటువంటి ఇంట్లో కొడుకు డాక్టరు కావడం అడగనక్కర్లేని సంగతి. అతను ఆ దారి విడిచి బ్యాటు పట్టుకున్నాడు. మనం ఎంసెట్ రాసి, వచ్చిన ర్యాంకును బట్టి సీటు తీసుకున్నాం. అతని కవర్ డ్రైవ్‌ను చూసి మురిసిపోయినప్పుడల్లా మన ఇంట్లో జరగని ఒక సంభాషణ అతని ఇంట్లో జరిగిందన్న స్పృహ మనకు లోలోపల ఉంది. ఈడువాణ్ణి అభిమానించడంలో ఉన్న తీపీ చేదూ రెండూ ఇదే. పెద్దవారి గొప్పతనం మనల్ని ఏమీ అడగదు. ఈడువాడి గొప్పతనం మాత్రం “మరి నువ్వేం చేశావు?” అని అడుగుతుంది.

ఈ పుస్తకంలో మంచి భాగాలన్నీ ఆ 281కి ఇటూ అటూ ఉన్నవే. 2000 జనవరిలో సిడ్నీలో 167 కొట్టినా జట్టులో చోటు నిలవలేదు. ఇష్టంలేని ఓపెనింగ్ ఇక చెయ్యనని నిశ్చయించుకున్నాడు. అదే సీజనులో రంజీ ట్రోఫీలో 1415 పరుగులు చేసి తలుపు తట్టాడు. ఇంతచేసినా 2003 ప్రపంచకప్ జట్టులో పేరు రాలేదు. ఆ బాధలో స్నేహితులతో అమెరికా వచ్చేశాడు, ఆట మానేద్దామా అని కూడా అనుకున్నాడు. మనకు ఇది ప్రత్యేకంగా తగిలే చోటు. మనం గెలవడానికని వచ్చిన దేశానికి అతను ఓటమి మరిచిపోవడానికి వచ్చాడు. 134 టెస్టులాడి 8781 పరుగులు చేసిన మనిషి ఒక్క ప్రపంచకప్ మ్యాచి కూడా ఆడకుండానే విరమించాడు.

2010 మొహాలీ టెస్టు మరొకటి. నడుము పట్టేసి, పరుగెత్తడానికి మరొకరిని పెట్టుకుని 73 నాటౌట్‌గా నిలిచి ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు. ఎప్పుడూ గొంతెత్తనివాడు ఆనాడు అవతలి కొసనున్న ఓఝామీద కేకలేశాడు. ఇరవై ఆరేళ్ళ 281 కంటె ముప్పై అయిదేళ్ళ ఈ 73 మాకు ఎక్కువ నచ్చింది. నడుము నొప్పితో పని పూర్తిచెయ్యడమంటే ఏమిటో ఇప్పుడు మనకూ తెలుసు కనుక.

లోపాలు లేకపోలేదు. గ్రెగ్ చాపెల్ శిక్షణ కాలం గురించి తప్ప ఎవరినీ నొప్పించకుండా రాయాలన్న జాగ్రత్త పుస్తకమంతటా కనిపిస్తుంది. మర్యాద మనిషికి అందమే కాని ఆత్మకథకు అడ్డు. కృతజ్ఞతలు చెప్పిన పేజీలు కొన్ని తగ్గించి, వైద్యవిద్య వద్దనుకున్న రోజుల్లో ఆ ఇంట్లో నడిచిన మాటలు ఇంకా విప్పి చెప్పి ఉంటే బాగుండేది. పిల్లల చదువుల గురించి రాత్రిళ్ళు ఆలోచించే తల్లిదండ్రులకు కలకత్తా స్కోరుకంటె అవే ఎక్కువ పనికివచ్చేవి. విజయవాడ, హైదరాబాదుల మాట కూడా ఇంగ్లీషు వాక్యాల వెనుక సరిగా వినపడదు.

అయినా ఈ పుస్తకం విలువ దాని పేరులోని రెండో సగంలో ఉంది. 2012 ఆగస్టు 18న, న్యూజిలాండ్ సిరీస్‌కు ఎంపికయి ఉండి, సొంత ఊరు హైదరాబాదులో టెస్టు అయిదు రోజుల్లో మొదలవుతుందనగా, విరమిస్తున్నానని చెప్పేశాడు. ఇంటివాళ్ళముందు వీడ్కోలు ఆట ఆడుకునే అవకాశం చేతిలో ఉండగానే వదిలేశాడు. అప్పటికి 37 ఏళ్ళు. తరవాత వ్యాఖ్యాతగా, శిక్షకుడుగా పనిచేసి 2021 డిసెంబరులో బెంగుళూరు జాతీయ క్రికెట్ అకాడమీ బాధ్యత తీసుకున్నాడు. అంటే చిన్నవాళ్ళ ఆటను సరిదిద్దే పని.

మనలో ప్రతివారికీ ఒక 281 ఉంటుంది. ఫలానా పరీక్షలో వచ్చిన ర్యాంకు, మొదటి ఉద్యోగం, కొన్న ఇల్లు. దాన్నే పిల్లలముందు పదేపదే వల్లిస్తూ కూర్చుంటే వాళ్ళు వినరు, వినకపోవడం వాళ్ళ తప్పూ కాదు. మన ఈడువాడు ఆ ఒక్క రోజు దగ్గర ఆగిపోకుండా ఏం చేశాడో చూసి నేర్చుకోవచ్చు. కనుక ఈ పుస్తకం కొని చదవండి. ఈడెన్ గార్డెన్స్ అధ్యాయం మనకు కంఠస్థమే. తక్కినవి నిదానంగా చదవండి.